కాళ్ల బడిలో పెద్దల అమావాస్య

మా బడి పిల్లలకు వారంలో నాలుగు రోజులు పాయసం. ఈ మాట వింటే మేమేదో వైభోగంలో ఉన్నామనుకుంటారు. నిజానికి మా బతుకు బజారున పడి మూడు నెలలైంది. దాని ఫలితమే ఈ పాయసం.

వేంపల్లెలో బస్టాండు వెనక వీధిలో మా సంస్థ ఉంది. బోర్డు మీద పేరు ‘ముందడుగు’ అని రాయించాం గానీ ఆ పేరు ఎవరూ పలకరు. అందరికీ ఇది కాళ్ల బడి. పుట్టుకతోనే కాళ్లు బిగుసుకుపోయిన పిల్లలు, ఏళ్లొచ్చినా నడక రాని పిల్లలు చుట్టుపక్కల పల్లెల నుంచి మా వ్యానులో వస్తారు. సమీరా అని కడప అమ్మాయి, ఫిజియోథెరపిస్టు, వాళ్ల కాళ్లు సాగదీసి, కండరాలకు పని చెప్పి, కడ్డీలు పట్టుకుని నిలబడడం నేర్పుతుంది. నేను రత్నమణిని. జమాఖర్చులు, తిట్లు, బతిమాలడాలు నా వంతు.

ఇన్నేళ్లూ మా ఖర్చులు బెంగుళూరులో ఒక కంపెనీ భరించింది. జూన్‌లో వాళ్ల దగ్గర్నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. మార్కెట్ పడిపోయింది, మేమే మనుషులను తీసేస్తున్నాం, బహుశా వచ్చే నెల నేనూ ఉండను మేడమ్, అని చాలా మర్యాదగా చెప్పింది. కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేకుండా చెప్పింది. నాకు ఇంకా ఒళ్లు మండింది.

పోతూ పోతూ వాళ్లు మాకొక ఉపకారం చేశారు. ఆర్థిక మాంద్యంలో సేవాసంస్థలు ఎలా నిలదొక్కుకోవాలో చెప్పడానికి ఒక పెద్దమనిషి చేత వీడియోలో పాఠం చెప్పించారు. ఆయన వెనకాల అద్దాల బీరువా, అందులో పుస్తకాలు. స్థానిక దాతలను వెతుక్కోండి అన్నాడు. దాతకు ఎప్పుడూ కాదనే మాట చెప్పకండి అన్నాడు. ఖర్చులు తగ్గించండి అన్నాడు. ఏ ఖర్చు తగ్గించాలో మీరే చెప్పండి అని అడిగితే మా లెక్కలు చూసి, రవాణాకే ఇంత అవుతోందేమిటి, పిల్లలను తల్లిదండ్రులే తీసుకురావచ్చు కదా అన్నాడు. నేను మైకు ఆపేసి ఆయన్ని తిట్టాల్సినవన్నీ తిట్టాను. మైకు ఆగలేదని సమీరా తర్వాత చెప్పింది.

తిట్టినా ఏం లాభం, వ్యాను ఆగిపోయింది. డ్రైవరు ఇమామ్ నెల రోజులు ఊరికే వచ్చి బండి తుడిచి పోయేవాడు. చివరికి నేనే, నీకు పెళ్లాం పిల్లలున్నారు పోప్పా అని కసిరితే పాల బండి తోలడానికి పోయాడు. పల్లెల పిల్లలు రావడం మానేశారు. వేంపల్లెలోనే ఉండే నలుగురు మాత్రం వస్తున్నారు.

అందరికంటే నాకు బెంగ నిస్సీ గురించి. ఆ పాపకు ఏడేళ్లు. తుమ్మలపల్లె దారిలో లోపలికి ఉన్న చిన్న పల్లె వాళ్లది. బస్సు దిగాక చాలా దూరం నడవాలి. తండ్రి ఏసన్న అరటి తోటల్లో గెలలు మోసే కూలి. రెండేళ్లు సాగదీసి సాగదీసి, ఈ వేసవి మొదట్లో ఆ పాప కడ్డీలు పట్టుకుని తనంతట తాను నిలబడింది. సమీరా ఏడ్చింది, నేనూ ఏడ్చాను, నిస్సీ మా ఇద్దరినీ చూసి పడీపడీ నవ్వింది. పాప అలా నిలబడ్డప్పుడు తీసిన ఫొటోనే పెద్ద ఫ్లెక్సీ వేయించి గేటుకు కట్టాం.

వ్యాను ఆగిన రోజు సమీరా ఒకటే మాట చెప్పింది. “సాగదీయడం ఆపితే ఆ మోకాళ్లు మళ్లీ ముడుచుకుపోతాయి మేడమ్. ఎక్కువ రోజులైతే ఇంగ ఆపరేషనే. ఆపరేషనైనాక నడుస్తాదని నేను చెప్పలేను.”

ఏసన్న పాపం ప్రయత్నించాడు. పిల్లను భుజాన వేసుకుని బస్సు దాకా నడిచి, బస్సులో వచ్చి, మళ్లీ అలాగే పోయేవాడు. రెండు వారాలకు ఫోన్ చేశాడు. “నేనూ దానమ్మా కూలికి పోకపోతే ఇల్లు గడవదు మేడమ్. పోతే పాపను తెచ్చేది ఎవరు? మీరే చెప్పండి.” నేనేం చెప్పాలి? బీరువా ముందు కూర్చున్న పెద్దమనిషిని అడిగి చెప్తాననాలా?

సరే, స్థానిక దాతల మీద పడ్డాను. మొదట పోయింది బోర్ల ఓబుళేశు దగ్గరికి. బోర్లు వేసే బండ్లున్నాయి కాబట్టి ఆ పేరు. చెయ్యి పెద్దదే. మనిషీ మంచివాడే. కుర్చీ వేసి, కూల్‌డ్రింక్ తెప్పించి, నేను చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

“డీజిలుకా?” అన్నాడు చివరికి, నేనేదో సారాయికి అడిగినట్టు.

“డీజిలుకు, డ్రైవరు జీతానికి. బండి తిరిగితేనే కదప్పా పిల్లోళ్లొచ్చేది.”

“అది కాదు మేడమ్. మా నాయన పేరు మీద డీజిలు పోపిచ్చినానంటే ఊర్లో నగుతారు. పొగకు పుణ్యం యాడొస్తాది? అన్నం పెడతా. ఎంతమందికన్నా పెడతా, అడగండి.”

“నీ బోరు బండి దినానికి ఎంత డీజిలు తాగుతాదప్పా?”

“అది యాపారం మేడమ్.”

“నీళ్లు పడని బోర్లకు గూడా తాగుతాది కదా?”

“నీళ్లు పడేది దేవుని చేతిలో ఉండాది” అన్నాడు ఓబుళేశు భక్తిగా.

ఎవరిని అడిగినా ఇదే పాట. చీరల అంగడి కృష్ణవేణమ్మ మనవడి పుట్టినరోజుకు భోజనం పెడతానంది. రిటైరైన సుబ్బయ్య సారు తన షష్టిపూర్తికి భోజనం పెడతానన్నాడు. ఒకాయన పెళ్లిరోజు, ఒకాయన ఇల్లు చేరిన రోజు. అందరికీ అన్నం పెట్టాలనే ఉంది. అన్నం పెట్టడం మంచిదే, కాదనే పాపిష్టిదాన్ని కాను. కానీ నలుగురు పిల్లలు ఎంత తింటారు? ఒకడు పాయసం గిన్నె చూస్తేనే మూతి తిప్పుకుంటున్నాడు. వాడికి అది కావాలి, ఇది వద్దు అని చెప్పుకునే హక్కుంది. నాకు ఆ హక్కు లేదు. దాతకు కాదనకూడదు కదా.

ఆ కాదనకపోవడమే నా కొంప ముంచింది.

మహాలయ అమావాస్యను మా వైపు పెద్దల అమావాస్య అంటారు. చనిపోయిన పెద్దల పేరు మీద వండి, కాకులకు పెట్టి, ఆ తర్వాత నలుగురికి పెట్టి, అప్పుడు ఇంట్లో వాళ్లు తింటారు. అంతదాకా ఉపవాసం. ఆ అమావాస్యకు కాళ్ల బడి పిల్లలకు మేం పెడతామని ఓబుళేశు ఫోన్ చేశాడు. సరే అన్నాను. కృష్ణవేణమ్మ చేసింది. సరే అన్నాను. సుబ్బయ్య సారుకూ సరే అన్నాను. ఇంకో రెండు ఇళ్ల వాళ్లు బడికే వచ్చి అడిగారు, వాళ్లకూ సరే అన్నాను. ఎంతమంది పిల్లలమ్మా అని అందరూ అడిగారు. ఇరవై పైచిలుకు అని అలవాటుగా చెప్పేశాను. పేర్లు లెక్కపెడితే మా పిల్లలు అంతమందే మరి. వాళ్లిప్పుడు ఎక్కడున్నారని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

అమావాస్య నాడు ఎండ నడినెత్తికి వచ్చే వేళకు ఐదు బండ్లు మా గేటు ముందు వరసగా ఆగాయి. గంగాళాలు దిగాయి. ఓళిగలు, అలసంద వడలు, గుమ్మడికాయ కూర, చిత్రాన్నం దిగాయి. ఐదు ఇళ్ల నుంచి ఐదు పాయసాలు దిగాయి. వరండాలో కాలు పెట్టే సందు లేదు. లోపల చాప మీద మా నలుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. అందులో ఒకడికి జ్వరం.

కృష్ణవేణమ్మ లోపలికి తొంగి చూసింది. “ఏంది రత్నమణీ, పిల్లోళ్లు యాడ?”

“ఈడ నలుగురే ఉండారక్కా.”

“నలుగురేంది? ఇరవై మందికి పైన అన్యావే.”

“ఉండారు. వాళ్ల వాళ్ల పల్లెల్లో ఉండారు.”

ఆవిడ నా మొహం చూసింది, గంగాళం చూసింది, వెనక నిలబడ్డ అత్తగారిని చూసింది. “కాకులకు పెట్టి వచ్చినాం. పిల్లోళ్లు తిన్నంక గానీ మేం తినగూడదు. మా అత్త పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. ఇప్పుడెట్ల చేసేది?”

బస్టాండులో ఎవరికైనా పెడదామని సుబ్బయ్య సారు మెల్లగా అన్నాడు. ఆకలి ఆయన గొంతులోనే వినపడుతోంది.

“బస్టాండులోనా?” అంది కృష్ణవేణమ్మ. “కాళ్ల బడి పిల్లోళ్లకు పెడతామని మా మామ ఫొటో ముందర చెప్పుకున్యాం సారూ. పెద్దోళ్లకు చెప్పిన మాట మార్చేది యాడన్నా ఉందా?”

తెచ్చింది వెనక్కి తీసుకుపోకూడదు, మాట మార్చకూడదు, వీళ్లు తినందే వాళ్లు తినకూడదు. తప్పు నాదే అన్నట్టు అందరూ నా వైపు చూశారు. కొంత నాదే. కానీ ఓబుళేశు వచ్చి, “ముందే చెప్పింటే బాగుండు కదా మేడమ్, ఇంత వండుకోనొస్తిమి” అన్నాడు చూడండి, అప్పుడు నా ఓపిక అయిపోయింది.

“చెప్పలేదా అప్పా నేను?” అన్నాను. “మీ అంగళ్ల చుట్టూ, ఇండ్ల చుట్టూ తిరిగి చెప్పలేదా? బండి ఆగిపోయింది, పిల్లోళ్లు రావడం లేదు అని ఇంటింటికీ వచ్చి మొత్తుకుంటి. పాయసం పెడతామంటిరి. ఇప్పుడు పాయసం ఉండాది, పిల్లోళ్లు లేరు. నన్నేం చేయమంటారు? ఐదు బండ్లు ఈడ నిలబడుండాయి. నా పిల్లోళ్లు ఆ పల్లెల్లోనే ఉండారు. పోయి పిల్చకరాపోండి. అంతదాకా ఎవరూ తినొద్దు. నేనూ తినను.”

నేనెప్పుడూ దాతల మీద అరవలేదు. సమీరా నోరు తెరుచుకుని చూస్తోంది. ఇక ఈ ఊళ్లో మాకు గ్లాసు మజ్జిగ ఇచ్చేవాడు కూడా ఉండడనుకున్నాను.

ముందు కదిలింది కృష్ణవేణమ్మ. అత్తగారి మొహం చూసి కదిలిందో, మామగారి ఫొటో తలుచుకుని కదిలిందో, బండి తాళం డ్రైవరు చేతికిచ్చి “యా ఊరికి పోవల్లో చెప్పు” అంది. మిగతావాళ్లు కదలక తప్పలేదు. పుణ్యం చేయించలేని పని ఆకలి చేయించింది. ఎవరే దారిలో పోవాలో, ఏ ఇంట్లో ఏ పిల్ల ఉందో నేను చెప్పాను. పిల్లలను ఎత్తుకునేటప్పుడు వీపు కింద ఒక చెయ్యి, మోకాళ్ల కింద ఒక చెయ్యి పెట్టాలని సమీరా సుబ్బయ్య సారును కుర్చీలో కూర్చోబెట్టి చేసి చూపించింది. అందరికంటే దూరం తుమ్మలపల్లె దారి. ఆ దారికి తట్టుకునే పెద్ద బండి ఓబుళేశుదే కాబట్టి నిస్సీ అతని వంతుకు వచ్చింది.

ఒక్కొక్క బండే తిరిగి వచ్చింది. చాలా రోజులకు మా హాలు నిండింది. పిల్లలు ఒకరినొకరు చూసుకుని కేకలు పెట్టారు. ఆకులు వేశారు. కృష్ణవేణమ్మ కొసరి కొసరి వడ్డించింది. చెమట కారుతున్నా ఆవిడ మొహం వెలిగిపోతోంది. నా కోపం సగం దిగిపోయింది, నిజం చెప్పాలి కదా.

ఓబుళేశు బండి అందరికంటే వెనక వచ్చింది. నిస్సీని తనే ఎత్తుకుని దిగాడు. వెనకాల ఏసన్న. పాప ఎర్ర గౌను వేసుకుని, రెండు జడలు వేసుకుని ఉంది. ఓబుళేశు పాపను చాప మీద కూర్చోబెట్టి, తన గంగాళంలోంచి తనే ఆకులో వడ్డించబోయాడు.

ఏసన్న చేతులు నలుపుకున్నాడు. “తప్పుగా అనుకోవద్దు సార్. అది పెద్దలకు పెట్టింది కదా. మేం ప్రార్థనకు పోయేవాళ్లం. పెట్టింది తినం సార్.”

ఓబుళేశు గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. “ఒక్క ముద్దన్నా?”

“లేదు సార్. ఇంటి కాడ తినే వచ్చింది పాప.”

“మరి నేనెట్ల తినేది?” అన్నాడు ఓబుళేశు నాతో, చిన్న పిల్లాడిలా. నేను నవ్వానో, తల కొట్టుకున్నానో నాకే తెలియదు. ఇంత దూరం పోయి ఒకే ఒక పిల్లను తెస్తే ఆ పిల్లే తినదు. మీ నాయన ఏమీ అనుకోడు లేప్పా, మిగతా పిల్లలకు పెట్టు అన్నాను. పెట్టాడు గానీ అతని కళ్లు నిస్సీ మీదే ఉన్నాయి. ఇంత దూరం పోయి తెచ్చిన పిల్లకు ఏదో ఒకటి చేయకపోతే అతనికి తోచడం లేదు.

గరిటె పక్కన పెట్టి వచ్చాడు. “గేటు కాడ బొమ్మలో నిలబడుకోనుండేది ఈ పాపే కదా మేడమ్? ఒక తూరి నిలబడమనండి, చూస్తా.”

వద్దని నేను అనేలోపే నిస్సీ చేతులు చాచింది. సమీరా ఎత్తి కడ్డీల మధ్య నిలబెట్టింది. పాప రెండు చేతులతో కడ్డీలు గట్టిగా పట్టుకుంది. పళ్లు బిగించింది. మోకాళ్లు సాగలేదు. పాదాలు నేలకు ఆనలేదు. అలా చేతుల మీదే వేలాడి, మమ్మల్ని చూసి, మళ్లీ ప్రయత్నించింది. సమీరా నడుం పట్టుకుని కిందికి దించింది. ఆ పిల్ల మొహం పక్కకు తిప్పుకుంది.

“బొమ్మలో నిలబడింది కదా?” అన్నాడు ఓబుళేశు.

“నిలబడింది” అన్నాను.

“మరి ఇప్పుడేమాయె?”

“రెండు నెల్లకు పైన రాలేదు.”

ఎందుకు రాలేదని అతను అడగలేదు. అడిగే అవసరం లేదని అతనికి తెలిసింది. నాకు ఆ క్షణంలో అతని మీద జాలి వేసింది. తర్వాత నిస్సీ మోకాళ్లు చూస్తే ఆ జాలి పోయింది.

సమీరా చాప పరిచి పాపను వెల్లకిలా పడుకోబెట్టింది. వ్యాను ఉన్నప్పుడు ఇమామ్ ఒక కాలు పట్టుకునేవాడు, ఆమె రెండోది సాగదీసేది. ఇప్పుడు చుట్టూ చూసి, “సార్, మీరిట్ల రండి” అంది. ఓబుళేశు తెల్ల పంచె మడిచి మోకాళ్ల మీద కూర్చున్నాడు. చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఎంత నొక్కాలో ఆమె చూపించింది.

“వదలొద్దు. ఏడ్చినా వదలొద్దు.”

నిస్సీ ఏడ్చింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. బోర్ల ఓబుళేశు నుదుటి మీద చెమట పట్టింది.

“ఆపమ్మా, నొస్తాంది పాపకు.”

“నొస్తాది సార్. ఆపితే ఇంకా నొస్తాది.”

అందరూ తినడం అయిపోయింది. వండి తెచ్చిన ఇండ్ల వాళ్లు కూడా తిన్నారు. నువ్వు కూడా రాప్పా, ఆకు వేసినాం అని కృష్ణవేణమ్మ పిలిచింది. అతను తల తిప్పలేదు. సమీరా అంకెలు లెక్కపెడుతోంది, అతను ఆ కాలు పట్టుకుని ఉన్నాడు. ఒక కాలు అయింది, రెండోది మిగిలింది. మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆపినప్పుడు నిస్సీ ముక్కు తుడుచుకుని అతని వైపు చూసింది.

“రేపు గూడా నువ్వే వస్తావా?” అని అడిగింది.

ఓబుళేశు నా వైపు చూశాడు. ఇలాంటప్పుడు దాతను ఇబ్బంది పెట్టకుండా నేనే ఏదో ఒకటి చెప్పి మాట మారుస్తాను. ఇన్నేళ్లుగా చేసిన పని అదే. ఈసారి నోరు మూసుకున్నాను.

“చూద్దాం లే పాపా” అన్నాడు.

నిస్సీ తన తలాపున కూర్చున్న తండ్రిని చూసింది. “రాడంట నాయినా” అంది. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. వానొచ్చేలా లేదు అన్నట్టు అంది.

ఏసన్న సిగ్గుపడిపోయాడు. “అట్ల అనగూడదు” అని పిల్లను కసిరి, ఓబుళేశుకు సర్దిచెప్పబోయాడు. “ఏమీ అనుకోవద్దు సార్. దాని పిచ్చి అట్లాంటిది. బండి రాదు పాపా అని ఎంత చెప్పినా వినదు. దినామ్మూ పొద్దున్నే వాళ్లమ్మతో జడలేయించుకోని, గౌను మార్చుకోని గడపలో కూసుంటాది. పది అయినాక, ఇంగ ఈ పొద్దుకు రాదులే అని అదే లోపలికి పాక్కుంటా వస్తాది. ఈ పొద్దు మీరొస్తిరి కదా, అదే పాక్కుంటా ఎదురొచ్చింది.”

ఈ సంగతి నాకు తెలియదు. రెండు నెలలుగా నాకు ఎవరూ చెప్పలేదు. పిల్లలు రావడం మానేశారు అని ఊరంతా తిరిగి చెప్పింది నేనే. నాకు ఏడుపొచ్చింది, దాతలందరి ముందూ ఏడ్చాను.

ఓబుళేశు పాప మోకాలి మీద ఉన్న తన చేతినే చూస్తున్నాడు.

“ఎన్ని గంటలకు రావల్ల మేడమ్?” అని అడిగాడు.

“నన్నడిగేదేందప్పా? ఆ పాపనడుగు” అన్నాను.

అతను అడగలేదు. నిస్సీయే రెండో కాలు అతని వైపు జరిపి, “ఊ, పట్టుకో” అంది.